ఫ్లెక్సీ షాపుకి నాలుగు స్టార్లు, దీర్ఘం మింగేసినందుకు ఒకటి కట్

ముందే చెప్పేస్తున్నానండి, ఇది కాస్త పెద్దది, ఓపికుంటేనే చదవండి, రేట్లు మాత్రమే కావాలంటే ఆఖర్న రాశాను, కిందకెళ్ళిపోండి. షాపు అమలాపురంలో బస్టాండుకి దగ్గర్లో ఒక సందులో ఉంది. బయట్నించి చూస్తే ఏమీ ఉండదు, మెట్ల కింద రెండు డీటీపీ కంప్యూటర్లు, వెనకాల రేకుల షెడ్డులో ఫ్లెక్సీ మెషిను, ఆ ఇంకు వాసనకి ఐదు నిమిషాలు నిలబడితే తల తిరుగుద్ది.

పనేంటంటే మా మేనల్లుడి పెళ్ళి. మావాడు చదువుకోడానికి ఐర్లండ్ వెళ్ళి, కార్క్ అనే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని, అక్కడమ్మాయినే ఇష్టపడ్డాడు. మా అక్క రెండ్రోజులు అన్నం మానేసి మూడోరోజు నుంచీ వీడియో కాల్లో ఆ పిల్లకి పులస పులుసు గురించి చెప్పడం మొదలెట్టింది, సరే అదంతా వేరే కథ. పెళ్ళి మా ఊళ్ళోనే, అంబాజీపేట దగ్గర. పిల్ల అమ్మానాన్నలు, ఇద్దరు అన్నలు, ఒక మేనత్త వస్తున్నారు. మేనమామని కాబట్టి వీధి మొదట్లో ఫ్లెక్సీ, రెండొందల తాంబూలం సంచులు నా వంతు పడ్డాయి.

ఆర్డరు ఫోన్లోనే ఇచ్చేశాను, "ఐర్లండ్ నుంచి వియ్యాలవారు వస్తున్నారు తమ్ముడూ, మంచిగా డిజైన్ చెయ్యి" అని. సాయంత్రానికి వాట్సాప్‌లో వచ్చింది. "ఇంగ్లాండు వియ్యాలవారికి హృదయపూర్వక స్వాగతం" అని పెద్దక్షరాలు, వెనకాల లండన్ గడియారం, బ్రిటిష్ జెండా, పక్కన మావాడు కూలింగ్ గ్లాసుల్లో. ఇక్కడ తెల్లగా ఉన్న ప్రతివాడూ ఇంగ్లీషోడే కదండీ. నాకు నవ్వాగలేదు గానీ మేనల్లుడికి పంపిస్తే వాడు వెంటనే ఫోన్ చేసి "మావయ్యా, ఆ జెండా కింద నుంచి మా మావగారు నడవాల్సొస్తే పెళ్ళి అక్కడే ఆగిపోద్ది" అన్నాడు. నిజమే మరి, 1922లో బ్రిటిష్ వాళ్ళ దగ్గర్నించి విడిపోయి సొంతంగా నిలబడ్డ దేశం, ఉత్తరాన కొంత ముక్క ఇప్పటికీ అటే ఉండిపోయిందన్న కడుపుమంట వేరే ఉంది, అలాంటోళ్ళకి ఆ జెండా కట్టడమంటే మామూలు విషయం కాదు.

మర్నాడు నేనే వెళ్ళేను. అసలీ షాపు గురించి నేను రాయడానికి కారణం అక్కడ కూర్చునే మాస్టారు. రిటైరైన తెలుగు మాస్టారండి, డెబ్బై దాటుంటాయి, తెల్ల పంచె, జేబులో ఎర్ర పెన్ను, ఓనరు గారికి చిన్నప్పుడు పాఠం చెప్పేరంట, ఇప్పుడు ప్రూఫులు చూస్తారు. ఆయన సంతకం పడకుండా ఏదీ మెషినెక్కకూడదని రూలు. మరి ఆ లండన్ డిజైన్ ఎలా వచ్చిందయ్యా అంటే అది సాయంత్రం చేసింది, అప్పటికి మాస్టారు ఇంటికెళ్ళిపోయేరు.

"ఐరిష్ వాళ్ళకి స్వాగతం అని మార్చండి చాలు" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి జరిపి "ఐరిష్ అంటే ఏటండీ?" అన్నారు. "ఐర్లండోళ్ళండి." "అదేనండి, ఐర్ అంటే?" నాకేం తెలుసు, "ఐరనేమోనండి, ఇనప గనులుంటాయేమో" అన్నాను. కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వేరు. మాస్టారు మాత్రం నవ్వకుండా "అర్థం తెలీని మాట నేను గుమ్మానికి కట్టనివ్వనండి, మీ వియ్యంకుడు గారికి ఫోను కలపండి" అన్నారు. అప్పటికి మాత్రం నాకు ఒళ్ళు మండిందండి, కొబ్బరి లోడు దింపుకోడం వదిలేసి వచ్చాను, ఈయనకి పాఠం కావాలంట.

అదృష్టమేంటంటే పిల్ల నాన్నగారు కూడా బడిపంతులే, ఐరిష్ భాష చెప్తారు. నన్ను బావగారూ అని పిలవడం అప్పటికే నేర్పేశాం. మేనల్లుడు మధ్యలో ఉండి తెలుగు చెయ్యడం, ఇటు మాస్టారు, అటు మాస్టారు, ముప్పావుగంట పట్టింది. షాపుకొచ్చిన ఇంకో ఇద్దరు కస్టమర్లు కూడా స్టూళ్ళు లాక్కుని కూర్చున్నారు.

ఐర్లండ్ అన్న మాటలో లాండ్ ముక్క ఇంగ్లీషోళ్ళది, ముందున్న ఐర్ మాత్రం వాళ్ళ సొంతం. ఇప్పుడు వాళ్ళు తమ దేశాన్ని ఏరె అంటారు. పాత ఐరిష్‌లో ఏరియు. అది ఒక దేవత పేరు కూడా. ఏరియు, బాన్బా, ఫోడ్లా అని ముగ్గురు అక్కచెల్లెళ్ళు, బయట్నించి కొత్తగా జనం వచ్చినప్పుడు ఒక్కొక్కళ్ళూ ఎదురొచ్చి ఈ దీవికి నా పేరే ఉంచండి అని అడిగేరంట, ఏరియు గెలిచింది. ఇంతవరకూ మా కుర్రాళ్ళు కూడా విన్నారు, ఒకడు "ఏరె అంటే మన ఏరేనా మాస్టారూ, గోదారి ఏరు" అన్నాడు. కాదురా, ఊరికే శబ్దం కలిసిందంతే అన్నారు.

అసలు సంగతి ఆ ఏరియు వెనకాల ఉంది. దానికంటే ముందు రూపం ఈవెరియు లాంటిది, ఇంకా వెనక్కెళ్తే మొదట్లో ప అక్షరం ఉండేదట, పీవెర్ అన్నట్టు. వాళ్ళ భాషల కుటుంబంలో మాట మొదట్లో ప వస్తే రాలిపోద్దట. మనకి సంస్కృతంలో పితా, లాటిన్‌లో పాటెర్, ఐరిష్‌లో మాత్రం అహిర్, ప లేదు. చేపని లాటిన్‌లో పిస్కిస్ అంటే ఐరిష్‌లో ఈయస్క్ అంటారు, అక్కడా ప లేదు. అవతలాయన "దీనికి దగ్గర మాట మీ సంస్కృతంలోనే ఉందని పండితులు చెప్తారు, పీవరి" అని ఇంకా వాక్యం పూర్తి చెయ్యలేదు, మా మాస్టారు కుర్చీలోంచి లేచిపోయేరండి. "పీవరమా! పీవరమంటే బలిసినది కదండీ!" అని బీరువా మీద నుంచి నిఘంటువు దింపి, దుమ్ము దులిపి, వేలు పెట్టి ఫోను కెమెరా ముందు పట్టుకున్నారు. పీవరము, బలిసినది, లావైనది. మన పాత పద్యాల్లో ఉండే మాటే.

అంటే ఏరె అంటే బలిసిన నేల, కొవ్వు పట్టిన నేల అన్నమాట. ఐరిష్ అంటే అలాంటి నేల మీద ఉండేవాళ్ళు. ఇది వినగానే నాకు మా నాన్న గుర్తొచ్చేరండి. గోదారి తీసిన తర్వాత లంకలో ఒండ్రు పట్టిన చేలోకెళ్ళి, మట్టి ఇంత పిడికిట్లోకి తీసి నొక్కి, "చూడరా, జిడ్డోడుతుంది" అనేవారు. అక్కడేమో వర్షం, గడ్డి, ఆవులు, వెన్న, ఇక్కడేమో కాలవలు, వరి, కొబ్బరి. సముద్రాలవతల వాళ్ళు కూడా నేలని చూసి బలిసిందనే అన్నారంటే నాకు భలే అనిపించింది. ఇనపగనులు అన్నందుకు సిగ్గేసింది కూడా.

గ్రీకులూ రోమన్లూ ఆ పేరునే తలో రకంగా పలికేరు. గ్రీకులు ఇయెర్నే అన్నారు. 2వ శతాబ్దంలో టాలెమీ రాసిన వివరాల్లో ఆ దీవి నైరుతి మూల ఇవెర్ని అనే జనం కనిపిస్తారు, అంటే సరిగ్గా మా కోడలు పిల్ల వాళ్ళ కార్క్, కెర్రీ ప్రాంతం. రోమన్లకి మాత్రం అది వాళ్ళ భాషలో చలికాలం అనే మాటలా వినిపించి హిబెర్నియా చేసేశారు, చలిదేశం అన్నట్టు. జూలియస్ సీజర్ కూడా అలాగే రాశాడు. బలిసిన నేల కాస్తా చలినేల అయిపోయింది, అచ్చుతప్పు అంటే ఇదీ అన్నారు మాస్టారు.

ఇంకోటి చెప్తే నమ్మరు. రోమన్ల కాలం చివర్లో ఐరిష్ వాళ్ళని స్కాట్లు అనేవాళ్ళు. ఓడల్లో వచ్చి బ్రిటన్ తీరం మీద పడి దోచుకెళ్ళేవాళ్ళు కదా, వాళ్ళకి లాటిన్‌లో పడిన పేరు స్కోటి. వాళ్ళలో కొందరు ఎదురుగా ఉన్న గడ్డకెళ్ళి రాజ్యం పెడితే పేరు వాళ్ళతోపాటు అక్కడికెళ్ళిపోయి అదే స్కాట్లండ్ అయ్యింది, వీళ్ళకి లేకుండా పోయింది. 9వ శతాబ్దంలో ఒక తత్వవేత్త ఉన్నాడు, జాన్ స్కాటస్ ఎరియుజెనా, రెండు మాటలకీ అర్థం ఐరిష్షే, ఐరిష్ జాన్ ఐర్లండ్‌లో పుట్టినవాడు అన్నట్టు. ఆయన బొమ్మ వాళ్ళ పాత ఐదు పౌండ్ల నోటు మీద ఉండేదట.

సరే మరి వాళ్ళని వాళ్ళు ఏమనుకునేవారు అంటే గేల్ అని. మావాడికి ఈ మాట బాగా నచ్చింది, చిన్నది, ఫ్లెక్సీ మీద పెద్దక్షరాల్లో బాగుంటుంది, "గేల్ వియ్యాలవారు" అని వేసేద్దాం అన్నాడు. అవతలాయన నవ్వి, అది కూడా మాది కాదు బాబూ అన్నారు. ఎదురు దేశం వేల్స్ వాళ్ళు వీళ్ళని గ్విదెల్ అనేవారు, అడవి మనుషులు, మొరటోళ్ళు అన్న అర్థంలో. తిట్టులాంటి ఆ మాటనే 7వ శతాబ్దం ప్రాంతంలో వీళ్ళు తీసుకుని సొంత పేరు చేసుకున్నారు, వాళ్ళ భాష పేరు గేల్గె కూడా దాన్నుంచే. పెట్టుకున్నాక ఊరుకుంటారా, దానికో కథ కూడా కట్టేరు, గోయిదెల్ అని ఒక మూలపురుషుడు, వాళ్ళమ్మ స్కోటా ఈజిప్టు ఫారో కూతురు అని. స్కాట్లకీ లెక్క కుదిరిపోయింది, గేళ్ళకీ కుదిరిపోయింది. మాస్టారు చాలాసేపు నవ్వి "పేరు ముందు పుడుద్దండీ, తాత తర్వాత పుడతాడు" అన్నారు. త్రిలింగం నుంచి తెలుగు వచ్చిందన్న మాట మీద కూడా ఏదో అన్నారు గానీ ద్రాక్షారామం మాకు కూతవేటు దూరం, నేనది ఇక్కడ రాయను.

పక్కోళ్ళు పేరు పెట్టడం మనకీ ఉందండి. తమిళులు మనల్ని వడుగులు అన్నారు, అంటే ఉత్తరాదోళ్ళు. మద్రాసులో తెల్లోళ్ళు తెలుగుని జెంటూ అన్నారు, అది పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. మా తాత రంగూన్‌లో ఓడల దగ్గర పనిచేశారు, అక్కడ తెలుగు కూలీలందర్నీ కొరంగీలు అనేవారట, మన కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడెక్కారని. శ్రీకాకుళం వాడైనా కొరంగీయే. తాత ఆ మాట తల్చుకున్నప్పుడల్లా మొహం అదోలా పెట్టేవారు.

గేల్ ఎందుకొద్దన్నారో కూడా చెప్పేరు. అది వంశం పేరు. మా వియ్యపురాలి పుట్టింటి పేరు ఫిట్జ్‌తో మొదలవుద్దట, అంటే 12వ శతాబ్దంలో దండెత్తి వచ్చిన నార్మన్ల సంతతి. గేల్ అని వేస్తే ఆవిడ ఆ ఫ్లెక్సీలో ఉండదు. వందల ఏళ్ళు అక్కడే ఉన్నా అలాంటోళ్ళని పాత పరాయివాళ్ళు అనేవారంట. మా దగ్గర కూడా పేరు చెప్తే ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరు చెప్తే ఊరు, ఊరు చెప్తే ఏ వీధి అంటారు, ఎందుకడుగుతారో అందరికీ తెలుసు, అక్కడా అంతేనన్నమాట. 17వ శతాబ్దంలో జెఫ్రీ కీటింగ్ అని ఒక ఫాదరు, ఆయనా నార్మన్ సంతతే, ఐరిష్‌లో చరిత్ర రాసి అందులో గేళ్ళనీ పాత పరాయివాళ్ళనీ కలిపి ఏరెనీ అన్నాడు, అంటే ఏరె వాళ్ళు, నేలని బట్టి పేరు. ఒకళ్ళయితే ఏరెనఖ్, ఎక్కువమంది అయితే ఏరెనీ, కార్క్ వైపు ఆఖర్న గ్ కూడా పలుకుతారు, ఏరెనిగ్ అని. మన అమలాపురంలో ఒక యాస, రాజమండ్రిలో ఒకటి ఉన్నట్టు.

ఈలోపు మా ఫ్యామిలీ గ్రూపులో హైదరాబాద్ బాబాయ్ ఒకాయన "ఆర్య నుంచి ఐరిష్ వచ్చింది, వాళ్ళు మనవాళ్ళే" అని పెద్ద మెసేజ్ పెట్టేరు, నలభై దండాలొచ్చాయి. ఇది 19వ శతాబ్దంలో కొందరు ఊహించిన మాటట, శబ్దం చూసి కలిపేసేరు, తర్వాత నిలబడలేదు. పీవరం లాంటి గట్టి చుట్టరికం కళ్ళముందుండగా లేనిది ఎందుకండీ. బాబాయికి చెప్పలేదు, పెళ్ళికి రావాలి కదా.

ప్యాడీ అన్న మాట మాత్రం వాడొద్దని మావాడు ఇంట్లో అందరికీ ముందే వార్నింగ్ ఇచ్చేడు. వాళ్ళ దగ్గర పాద్రిగ్ అంటే పాట్రిక్ అనే పేరు చాలా ఎక్కువ, దాన్ని ముద్దుగా ప్యాడీ అంటారు, ఇంగ్లీషోళ్ళు మొత్తం ఐరిష్ వాళ్ళనే ఎగతాళిగా ప్యాడీలు అనడం మొదలెట్టేరు. మన ధాన్యం ప్యాడీ వేరు, అది మలయా భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. తీరా చూస్తే ఊరి మొదట్లోనే ఇంగ్లీషులో ప్యాడీ కొనుగోలు కేంద్రం అని ఇంత బోర్డు. వియ్యంకుడు గారు దాని కింద నిలబడి ఫోటో తీయించుకుని వాళ్ళ అన్నదమ్ములకి పంపేరు, "మమ్మల్ని ఇక్కడ కొంటున్నారు" అని.

ఇప్పుడు షాపు తప్పు సంగతి. ఫ్లెక్సీ బ్రహ్మాండంగా వచ్చింది, "ఏరె వియ్యాలవారికి కోనసీమ లక్ష స్వాగతాలు" అని తెలుగులో, కింద వాళ్ళ మాటలో కేద్ మీల ఫాల్చ అని. అది వాళ్ళ దగ్గర ఎప్పట్నించో ఉన్న మర్యాద, నూరు వేల స్వాగతాలని అర్థం, నూరు వేలంటే లక్షే కదా, తర్జుమా చెయ్యక్కర్లేకుండా కుదిరింది. తేడా కొట్టింది సంచుల దగ్గర. ఒక వైపు తెలుగులో కోనసీమ, రెండో వైపు వాళ్ళ లిపిలో ఏరె. ఆ మాటలో మొదటి అక్షరం మీద ఏటవాలుగా చిన్న గీత ఉంటుంది, దాన్ని ఫాద అంటారు, ఫాద అంటే పొడుగు, అంటే అక్షరాలా మన దీర్ఘమే. స్క్రీన్ ప్రింటింగ్ కుర్రాడు ఫిల్ము మీద ఆ గీత చూసి దుమ్ము మరక అనుకుని నీటుగా కప్పేశాడు. పని మీద శ్రద్ధ ఎక్కువైందంతే, వాణ్ణేమీ అనలేం.

డెబ్బై సంచులయ్యాక ఫోటో పంపితే కార్క్ నుంచి మెసేజ్ వచ్చింది, "బావగారూ, ఏరె ఎరె అయ్యింది." గీత లేకపోతే ఆ మాటకి బరువు, మోత అని అర్థమట! సంచి మీద బరువు అని రాసి పంచబోయేం. తెలుగులో రాసుంటే ఈ గొడవే లేదు, మనకి ఎ వేరు ఏ వేరు, ఇంగ్లీషుకి అలవాటు పడ్డ కళ్ళకి ఆ గీత మచ్చలా కనిపించింది. మాస్టారికి చెప్తే తల పట్టుకున్నారు, ఆయన చూసిన ప్రూఫులో గీత ఉంది, సంతకం పెట్టేశాక పోయింది. "నలభై ఏళ్ళు దీర్ఘాలు దిద్దేనండీ, వేరే దేశం దీర్ఘం చేజారిపోయింది" అన్నారు. ఓనరు గారు మాత్రం ఒక్క మాట ఎదురు చెప్పకుండా మిగతా నూట ముప్ఫై కొత్త స్క్రీనుతో వేయించి, తప్పు పడిన డెబ్బైకీ రాత్రి కూర్చుని మార్కరుతో చేత్తో గీతలు పెట్టేరు, పైసా తీసుకోలేదు. కాకపోతే ఒకరోజు లేటు, పెళ్ళి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి నేనే బండి మీద వెళ్ళి తెచ్చుకున్నాను, ఒక స్టారు అందుకే తీసేశాను.

పెళ్ళయ్యాక వియ్యంకుడు గారు సంచుల గుట్టలోంచి చేత్తో గీత పెట్టినవే ఆరు ఏరుకుని పెట్టెలో సర్దుకున్నారు. ఆత్రేయపురం పూతరేకులు, కాజాలు అందులోనే పెట్టేం, తూకం చూస్తే నిజంగానే ఎరె అయ్యింది.

రేట్లు: ఫ్లెక్సీ అడుగుకి 14 రూపాయలు, మాది 12 బై 8, లెక్కకి 1,344 అయితే 1,300 తీసుకున్నారు. ఫ్రేము విడిగా 600, కర్రలు కాస్త పల్చన, గాలికి ఊగింది, రెండు తాళ్ళు ఎక్కువ కట్టించుకోండి. సంచి ఒకటి 22, గుడ్డ గట్టిదే, రంగు ఉతికినా పోలేదు. డిజైన్‌కి విడిగా ఏమీ లేదు. స్కానర్ ఉంది, పెన్‌డ్రైవ్ కన్నా వాట్సాప్‌లో పంపడం మేలు, వాళ్ళ కంప్యూటర్ల నిండా వైరస్సులే. పార్కింగ్ లేదు, కారు మెయిన్ రోడ్డు మీదే వదిలెయ్యాలి. మాస్టారు పొద్దున్న పదింటి నుంచి ఒంటిగంట దాకానే ఉంటారు, ఆదివారం రారు. వెళ్తే ఆ టైములోనే వెళ్ళండి, సాయంత్రం కుర్రాళ్ళొక్కళ్ళే ఉంటారు, మీరు చుట్టాలు ఎక్కడి నుంచి వస్తున్నారని చెప్పినా లండన్ గడియారమే పడుద్ది.